ఆవుకు పెట్టని చెక్క

మా మేనమామకు నరసరావుపేటలో ముప్ఫై ఏళ్లపాటు ఎరువులు, పురుగుమందుల కొట్టు ఉండేది. కొట్టు ఎత్తేసి గుంటూరు వచ్చి మా మేడమీద వాటాలో దిగినప్పటి నుంచి డాబాను మిద్దెతోట చేసి పెట్టాడు. జామ, దానిమ్మ, గులాబీలు, వంగ, ఒక బీర పందిరి. నీళ్ల ట్యాంకు పక్కన గోనెసంచులు వరసగా ఉంటాయి. మా అక్క పశువుల డాక్టరు, గన్నవరంలో చదివింది. పోయిన ఆదివారం తను వస్తూ వస్తూ రెండు నెలల నాటు కుక్కపిల్లను ఒళ్లో పెట్టుకొచ్చింది. గోధుమరంగు ఒళ్లు, తోక చివర మాత్రం సున్నంలో ముంచి తీసినట్టు తెలుపు. ఇంకా పేరు పెట్టలేదు.

డాబా మీద వదిలిన ఐదు నిమిషాలకల్లా అది జామ కుండీ మొదట్లో ముక్కు దూర్చింది. అక్క పరుగున వెళ్లి ఎత్తుకుని, చూపుడువేలు దవడ సందున పెట్టి నోరు తెరిచింది. చిగుళ్లకు తడిసిన పొడి అంటుకుని ఉంది. చున్నీ కొస నీళ్లలో ముంచి తుడిచి, ఆ కొసను వాసన చూసి, "ఇది ఏ చెక్క మామయ్యా?" అంది.

"వేప" అన్నాడు మామయ్య.

ఆ మాట వినేదాకా అక్క ఊపిరి బిగబట్టే ఉంది. ఆ తర్వాత నడిచిందంతా వాళ్ల మాటల్లోనే రాస్తున్నాను. నేను పక్కన కూర్చుని ఉడకబెట్టిన వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్నాను. నాకు ఎవరి పక్షమూ లేదు. మొదట్లో అయితే లేదు.

మామయ్య: వేప చెక్క తింటే ఏమవుద్ది? చేదుకు అదే ఉమ్మేస్తది. నా డాబా మీద ఒక్క చుక్క పురుగుమందు లేదమ్మా. ముప్ఫై ఏళ్లు అమ్మినవాణ్ణి, నా ఇంట్లో వంకాయకు కొట్టను. ఇక్కడుందంతా సేంద్రియమే.

అక్క: నా భయమూ అదే. మోనోక్రోటోఫాస్ సీసా ఉంటే మీరే బీరువాలో పెట్టి తాళం వేసేవాళ్లు. సేంద్రియం అనేసరికి సంచి మూతి కట్టడం కూడా మానేశారు. ఆ మూడో సంచిలో ఏముంది?

మామయ్య: ఆముదం చెక్క. గులాబీలకి.

ఆ పేరు మా ఇంట్లో రెండేళ్లుగా ఎవరూ గట్టిగా అనరు. ఎందుకో కాసేపాగి చెప్తాను.

అక్క: మూతి విప్పి ఉంది.

మామయ్య: గాలాడకపోతే బూజు పడతది. ఆముదం పేరెత్తితే ఉలిక్కిపడతావేందమ్మా? నెలల పిల్లలప్పుడు మీ ఇద్దరికీ మాడుకు ఆముదం, బొడ్డుకు ఆముదం. కడుపు బిగిస్తే ఉగ్గుగిన్నెతో లోపలికీ ఆముదమే. మీ అమ్మమ్మే పట్టేది. ఏమయ్యారు? ఒకరు డాక్టరయ్యారు, ఒకడు పత్రికలకు రాస్తున్నాడు.

అక్క: నూనె వేరు, చెక్క వేరు. ఆముదం గింజలో రిసిన్ అనే విషం ఉంది. అది ఒక ప్రొటీన్. నీళ్లలో కరుగుతుంది, నూనెలో కరగదు. గింజను పిండితే నూనె శుభ్రంగా బయటికి వచ్చేస్తుంది, విషం చెక్కలో ఉండిపోతుంది. గట్టిగా ఉడికిస్తే చచ్చుబడుతుంది. ఉడికించారో లేదో మాత్రం సంచి మీద ఎవరూ రాయరు.

మామయ్య: ఇది నాకు చెప్తున్నావా? మా నాయన హయాంలో చెక్కలు రెండే రకాలు. ఆవుకు పెట్టేది, ఆవుకు పెట్టనిది. తెలగపిండి, వేరుశనగ చెక్క, పత్తి చెక్క గాటికి పోయేవి. ఆముదం, వేప, కానుగ పొలానికి పోయేవి. ఆముదం చెక్క కుడితిలో పడకూడదని పాలేరు కుర్రాడిక్కూడా తెలుసు. నా కొట్లో ఎవరైనా ఆముదం చెక్క అడిగితే ఇంట్లో గొడ్లున్నాయా అని అడిగేవాణ్ణి. ఉంటే దాణా బస్తాలతో కలిపి బండికి ఎత్తనిచ్చేవాణ్ణి కాదు.

అక్క: మరి తెలుసు కదా.

మామయ్య: గొడ్డు సంగతి తెలుసు. కుక్క చెక్క తింటదని ఎవడనుకుంటాడు?

అక్క: ఒట్టి చెక్క అయితే కొన్ని కుక్కలు వదిలేస్తాయేమో. గులాబీలకు మీరు ఒట్టి చెక్క వెయ్యరుగా.

మామయ్య: రెండు పాళ్లు చెక్క, ఒక పాలు ఎముకల పొడి. దాన్లో నత్రజని, దీన్లో భాస్వరం. గులాబీకి అంతకన్నా మంచి జోడీ లేదు.

అక్క: కుక్కకూ అంతకన్నా మంచి వాసన లేదు. ఎలుకకు ఎర ఎలా కడతారు? విషాన్ని దానికిష్టమైన నూకల్లో, నూనెలో కలుపుతారు. మీరు తెలియకుండా కుక్కకు అదే పని చేసి పెట్టారు. ఎముకల పొడి ఒక్కటే ఎక్కువ తిన్నా కడుపులో సిమెంటు ముద్దలా గట్టిపడి, ఒక్కోసారి కోసి తియ్యాల్సి వస్తుంది. దానికి ఈ చెక్క తోడు.

మామయ్య జవాబు చెప్పకుండా లేచి, దానిమ్మ కుండీకి అవసరం లేకపోయినా నీళ్లు పోశాడు.

మా ఇంట్లో సింహం అని ఒక కుక్క ఉండేది. పేరుకే సింహం, దీపావళి వచ్చిందంటే మంచం కిందే కాపురం. రెండేళ్ల క్రితం కార్తీకంలో ఒక శనివారం సాయంత్రం చూస్తే గులాబీ కుండీలు రెండు తవ్వేసి ఉన్నాయి, మట్టి డాబా అంతా చిమ్మి ఉంది. అమ్మ దాన్ని తిట్టి, చీపురుతో ఊడ్చేసింది. ఆదివారం పొద్దున వాంతులు మొదలయ్యాయి. మధ్యాహ్నానికి నెత్తురుతో విరేచనాలు. తీసుకెళ్లిన చోట డాక్టరు, "ఏం తింది?" అని అడిగితే ఇంటిల్లిపాదీ ఒకే మాట చెప్పాం, పెరుగన్నం అని. అబద్ధం కాదు. ఎరువు కూడా తిండి కింద లెక్కకొస్తుందని ఎవరికీ తట్టలేదు. అక్క అప్పుడు అనంతపురం వైపు ఉద్యోగంలో ఉంది. ఫోన్లో, "డాబా మీదకు వెళ్లిందా? అక్కడ ఏం వేశారు?" అని అడిగేసరికి సోమవారం రాత్రయింది. మంగళవారం తెల్లవారకముందే సింహం పోయింది. ఆ సంచి మామయ్య, పేటలో తెలిసినవాళ్లకు చెప్పి ప్రత్యేకంగా తెప్పించింది. దాని గురించి వాళ్లిద్దరూ ఇంతవరకు మాట్లాడుకోలేదు. ఆదివారం కూడా వాళ్లు మాట్లాడుకున్నది చెక్క గురించే.

మామయ్య: విరుగుడు లేదా దానికి?

అక్క: లేదు. సెలైన్ ఎక్కిస్తూ, వాంతులు ఆపుతూ, లివరు కిడ్నీలు ఎలా ఉన్నాయో చూసుకుంటూ కూర్చోవడమే. తిన్న గంటా రెండు గంటల్లో తెస్తే కడుపు ఖాళీ చేయించి బొగ్గుపొడి మందు పట్టిస్తాం. చిక్కేంటంటే ఆ రెండు గంటలూ కుక్క బాగానే ఉంటుంది. తోక ఊపుతుంది, బంతి తెస్తుంది. ఆరు గంటలు గడిచాక ఎప్పుడో మొదలవుతుంది, ఒక్కోసారి రెండో రోజు దాకా ఏమీ కనబడదు. ఈలోగా రిసిన్ కణాల్లో దూరి అక్కడ ప్రొటీన్ల తయారీని ఆపేస్తుంది. 1978లో లండన్‌లో బల్గేరియా రచయిత జార్జి మార్కోవ్ తొడలోకి గుండుసూది తలంత గుండు దిగింది. నాలుగు రోజులకు పోయాడు. దర్యాప్తు చేసినవాళ్లు చివరికి అది రిసినే అయి ఉంటుందన్నారు.

మామయ్య: ఆయనకు నేరుగా ఒంట్లోకి దిగింది. నోట్లోంచి పోతే అంత పట్టదు.

అక్క: అది నిజమే. కడుపులోంచి ఒంటికి పట్టేది తక్కువే. కానీ సింహం తిన్నది గుండుసూది తలంత కాదుగా.

రెండేళ్లలో మొదటిసారి ఆ పేరు డాబా మీద వినపడింది. మామయ్య నీళ్ల మగ్గు కింద పెట్టాడు. నేను ఒలిచిన గింజలు కుక్కపిల్ల దగ్గరికి దొర్లితే అక్క ఒక్కొక్కటీ ఏరి నా పళ్లెంలో వేసింది. కాసేపటికి మామయ్యే మళ్లీ అందుకున్నాడు. గొంతు పెంచి అందుకున్నాడు. గట్టిగా అరిస్తే తప్ప ఆయన తేరుకోడు.

మామయ్య: సరే, మానేస్తా. గులాబీకి ఏం వెయ్యను చెప్పు.

అక్క: వేప. మీరే చెప్పేవాళ్లు, వేపలో నత్రజని ఐదు శాతం పైన, ఆముదంలో నాలుగు పైచిలుకని.

మామయ్య: వేరుశనగ చెక్కలో ఏడు. అది ఆవు కూడా తింటది. నీకు అభ్యంతరం ఉండకూడదు.

అక్క: ఎండుగా ఉన్నంతకాలం లేదు. వానకు తడిసి బూజు పడితే ఆఫ్లటాక్సిన్. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చిపోతే, ఏ జబ్బో తెలియక దానికి ఎక్స్ అని పేరు పెట్టారు. తీరా చూస్తే వాటి దాణాలో కలిపిన వేరుశనగ చెక్క. కుక్క లివరు దానికి అస్సలు తట్టుకోదు. మీ కంపోస్టు డ్రమ్ము మూత సంగతి కూడా చూడండి. కుళ్లిన అన్నం, రొట్టె మీద లేచే బూజుల్లో కొన్ని తింటే కుక్కకు ఒళ్లంతా వణుకు పుడుతుంది, ఫిట్సే అనుకుంటాం.

మామయ్య: అది వద్దు, ఇది వద్దు. ఆముదం చెక్కనే వారం రోజులు నానేసి ఆ నీళ్లు పోస్తే?

అక్క: నీళ్లలో కరిగే విషమని ఇప్పుడే చెప్పాను. నానేస్తే పిండిలోంచి నీళ్లలోకి దిగుతుంది. ఆ వారం రోజులు బకెట్ ఎక్కడ పెడతారు?

మామయ్య ట్యాంకు వెనక్కి చూశాడు. అక్కడ అప్పటికే ఒక నీలం డ్రమ్ము ఉంది. అక్క చూపు కూడా అటే వెళ్లింది.

అక్క: అదేంటి?

మామయ్య: అగ్నిఅస్త్రం. ఆవు మూత్రం, వేపాకు, పచ్చిమిరప, వెల్లుల్లి, పొగాకు వేసి కాచింది. ప్రకృతి వ్యవసాయం అని రాష్ట్రం రాష్ట్రమే చేస్తుంటే నేను చేస్తే తప్పా?

అక్క: చెయ్యండి, వంకాయ పురుగుకు బాగానే పనిచేస్తుంది. ఎందుకు పనిచేస్తుందో కూడా గుర్తుంచుకోండి. పొగాకులో ఉన్నది నికోటిన్. పురుగు నరాల మీద ఎలా పడుతుందో కుక్క నరాల మీదా అలాగే పడుతుంది. వెల్లుల్లి ఎక్కువైతే కుక్కకు, అంతకన్నా పిల్లికి ఎర్రకణాలు చితికిపోతాయి. దశపర్ణి కషాయంలో వేసే ఉమ్మెత్త, గన్నేరు సంగతి ఇక చెప్పక్కర్లేదు. వాటిని ఏరి ఏరి వేసిందే విషమని తెలిసి. పురుగును చంపే కషాయం చేతులారా కాచి, దాన్ని సేంద్రియం అని పిలిచి, మూత పెట్టకపోవడం ఏం న్యాయం?

(నిజం చెప్పాలంటే మా మామయ్య ఆ డ్రమ్ముకు మూత పెడతాడు. దోమలు వాలతాయని.)

మామయ్య: అయితే నా మాట విను. కుక్కను కట్టెయ్యి. గొలుసు వంద రూపాయలు. ఇంతమంది తోటలు పీకడం ఎందుకు?

అక్క: పిల్లిని కట్టేస్తారా? పక్కింటి పిల్లి రోజూ మీ గోడమీంచే వస్తుంది. పందిరి మీద వాలే కాకిని?

మామయ్య: మరి మీ ఇళ్లల్లో ఉన్నవో? జ్వరం వచ్చిందని పారాసెటమాల్ వేసి పిల్లుల్ని చంపుకునేవాళ్లు నీ దగ్గరికి రాలేదా? చాక్లెట్, ఉల్లిపాయ, ద్రాక్ష. వాటిని ఎవరూ అనరు. తోటే దొరికింది అనడానికి.

అక్క: వచ్చారు. ఒక్క మాత్రతో పిల్లి మూతి నీలంగా మారి పోవడం చూశాను. మనుషుల మందుల పెట్టె మీ సంచులకన్నా చెడ్డదని ఒప్పుకుంటాను. కాకపోతే దాన్ని ఎవరూ నేలమీద మూతి విప్పి పెట్టరు.

ఈ పాయింటు అక్కదే. కానీ ఆ వెంటనే మామయ్య అన్నదానికి నేనే తలూపాను.

మామయ్య: తప్పు ఎక్కడుందో నేను చెప్తా. పురుగుమందు డబ్బా తీసుకో. మూలమీద నిలబెట్టిన చదరం ఉంటది. కింది సగంలో రంగు. ఎరుపుంటే పైన పుర్రె బొమ్మ కూడా. ఎరుపు అంటే కాలకూటం, తర్వాత పసుపు, ఆ తర్వాత నీలం, చివర ఆకుపచ్చ. అక్షరం రాని రైతుకు కూడా వేలుపెట్టి చూపించి, "ఇది ఎరుపు అబ్బాయ్, చేతులు కడుక్కో" అని చెప్పేవాణ్ణి. ఇప్పుడీ ఎరువు సంచి చూడు. బరువుంది, నత్రజని శాతం ఉంది. పుర్రె ఏదీ? ఉండదు. ఎందుకంటే అది మందు కాదంట, ఎరువంట. మా కాలంలో సంచి మీద లేనిది కొట్టువాడి నోట్లో ఉండేది. ఇప్పుడు ఫోన్లో నొక్కితే కిలో ప్యాకెట్ గుమ్మంలోకి వస్తది. దాని మీద విచ్చుకున్న గులాబీ బొమ్మ. అడిగేవాడు లేడు, చెప్పేవాడు లేడు.

అక్క: డబ్బా మీద ఆ రంగులు వేయించిన పురుగుమందుల చట్టం 1968లో ఊరికే రాలేదు మామయ్యా. 1958లో కేరళలో, ఓడలో పక్కనే వేసిన పారథియాన్ అనే పురుగుమందు కారి గోధుమపిండిలో కలిసి, ఆ పిండి తిని వందమందికి పైగా పోయారు. ఆ తర్వాత పదేళ్లకు వచ్చింది.

మామయ్య: మనుషులు పోయినా పదేళ్లు పట్టింది. ఇక కుక్కల కోసం ఎప్పుడొస్తది?

అక్క: వచ్చినా ఆ రంగులు ఎలుకల లెక్క. కిలో బరువుకు 50 మిల్లీగ్రాముల లోపే సగం ఎలుకలు చస్తే ఎరుపు, 500 దాకా అయితే పసుపు, 5000 దాకా నీలం. మీ ఇంట్లో ఉన్న జీవం ఏదో ఆ రంగుకు తెలియదు. పెర్మెత్రిన్ కుక్కకు గోమార్ల కోసం పూస్తాం. అదే పిల్లికి పూస్తే గంటల్లో వణుకు, ఫిట్స్. పిల్లి లివరుకు ఆ మందును విరగ్గొట్టే శక్తి లేదు.

మామయ్య: యూరియా కూడా అంతేగా. కాపువాడు డ్రమ్ములో యూరియా కలిపి పెట్టి చెయ్యి కడుక్కోను పోయాడు. గేదె వచ్చి మూతి పెట్టింది. గంట తిరగలేదు, డొక్క ఉబ్బి నా కళ్లముందే పడిపోయింది.

అక్క: నెమరేసే కడుపులో సూక్ష్మజీవులు యూరియాను అమ్మోనియా చేసేస్తాయి. అందుకే వెనిగర్, చల్లటి నీళ్లు పట్టిస్తాం. అదే యూరియా కుక్క నాకితే ఒకసారి వాంతి చేసుకుని తిరుగుతుంది. విషమా కాదా అని అడిగితే ఏం చెప్పను? ఎవరికి అని అడగండి.

ఇక్కడ నేను కూడా ఒక ప్రశ్న వేశాను. కుండీల నిండా ఉన్న కోకోపిట్ సంగతేమిటి, డల్లాస్‌లో ఉన్న మా చిన్నాన్న కొడుకు కోకో కుక్కలకు మహా ప్రమాదం అన్నాడే అని. ఇద్దరూ కలిసి నవ్వారు, ఆ సాయంత్రం మొత్తంలో ఒక్కసారే. అక్కడివాళ్లు మొక్కల మొదళ్లలో పరిచేది కోకో గింజల పొట్టు. చాక్లెట్ వాసన వేస్తుంది, చాక్లెట్‌లో ఉండే థియోబ్రోమిన్ అందులోనూ ఉంటుంది. ఇక్కడిది కొబ్బరి పీచు పొడి. "ఏలూరు పక్క కొబ్బరి చెట్ల నీడన కోకో కూడా వేస్తారు. రెండూ ఒక తోటలోవే. నువ్వు రెంటినీ ఒక కుండీలోకి తెచ్చావు" అన్నాడు మామయ్య.

నవ్వు తగ్గగానే అక్క వంగి, బీర పందిరి కింద ఏదో ఏరింది. నీలంగా, బియ్యపు గింజకన్నా కొంచెం లావుగా ఉన్న గుళిక.

అక్క: పురుగుమందు ఒక్క చుక్క లేదన్నారు.

మామయ్య: అది పురుగుకు కాదు, నత్తలకి. మొన్న వానలకు అరచేతంత నత్తలు పైకెక్కి వచ్చినయి. ఒక్క రాత్రిలో నారు మొత్తం సఫా.

అక్క: మెటాల్డిహైడ్. తవుడో పిండో కలిపి చేస్తారు, నత్త రావాలని. కుక్క కూడా వస్తుంది. గంటా మూడు గంటల్లో ఒళ్లు వణకడం మొదలై, జ్వరం 108 డిగ్రీలు దాటిపోతుంది. మామూలుగా కుక్క ఒళ్లు 101, 102 ఉంటుంది. దీనికీ విరుగుడు లేదు, మత్తిచ్చి వణుకు ఆపి, ఒళ్లు చల్లబరచడమే. పక్షులకు, జంతువులకు ప్రమాదమని బ్రిటన్‌లో 2022 మార్చి 31తో ఆరుబయట వాడకం ఆపేశారు.

మామయ్య: వాళ్లకు నత్తలు మనంత ఉన్నయ్యా?

అక్క: మనకన్నా ఎక్కువే గొడవ పడతారు. సాయంత్రం గోనెసంచి తడిపి, దాని కింద క్యాబేజీ ఆకులో బొప్పాయి ఆకులో పడెయ్యండి. పొద్దున ఎత్తి చూస్తే అన్నీ అక్కడే ఉంటాయి, ఉప్పునీళ్ల బకెట్‌లోకి ఏరెయ్యండి. మందే కావాలంటే ఐరన్ ఫాస్ఫేట్ గుళికలు చాలా నయం.

మామయ్య: ఎలుకలకు? ఎలుక గురించి నాకు నీతులు చెప్పొద్దు. దానిమ్మకాయ ఒక్కటి నా నోటికి దక్కలేదు. 96 పాళ్లు నూకలు, 2 పాళ్లు నూనె, 2 పాళ్లు బ్రోమడయోలోన్. ఎన్ని ఊళ్లకు ఈ లెక్క చెప్పానో. దాని గొప్పతనం ఏంటంటే ఎలుక అక్కడికక్కడ చావదు, మూడు నాలుగు రోజులు పడతది. మిగతావాటికి అనుమానం రాదు.

అక్క: కుక్క యజమానికీ రాదు. నాలుగో రోజున కుక్క నీరసంగా ఉంది, చిగుళ్లు తెల్లగా పాలిపోయాయి అని తెస్తారు. లోపల ఎక్కడో నెత్తురు కారుతూ ఉంటుంది. నయం ఏంటంటే దీనికి మాత్రం విరుగుడు ఉంది, విటమిన్ కె1. మూడు నాలుగు వారాలు ఇవ్వాలి. కానీ నాలుగు రోజుల కిందట ఎవరింటి మేడ మీద ఏం పెట్టారో చెప్పేవాళ్లుండాలి కదా. బోను పెట్టండి మామయ్యా. మందే పెట్టాలంటే ఎలుక దూరే కన్నం మాత్రమే ఉన్న పెట్టెలో, గోడకు బిగించి పెట్టండి.

మామయ్య: జింక్ ఫాస్ఫైడ్ అయితే తొందరగా...

అక్క: ఆ పేరెత్తొద్దు. కడుపులో ఆమ్లం తగిలితే ఫాస్ఫీన్ గ్యాసు వస్తుంది. అయ్యో పాపం అని పాలన్నం పెడితే ఆమ్లం ఇంకా ఊరుతుంది. ఆ కుక్క వాంతి చేసుకుంటే పక్కనున్న నాకే తల తిరుగుతుంది. అలాంటి కేసును తలుపులన్నీ తెరిచి చూస్తాం.

మామయ్య: మా రోజుల్లో ఏది తిన్నా ఉప్పునీళ్లు పట్టించి కక్కించేవాళ్లం.

అక్క: ఇప్పటికీ పట్టిస్తున్నారు. విషంతో చావనిది ఉప్పుతో చస్తుంది. వణుకుతున్న కుక్క నోట్లో ఏం పోసినా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పాలూ వద్దు, నెయ్యీ వద్దు. ప్యాకెట్టు పట్టుకుని రండి. ప్యాకెట్టు లేకపోతే కక్కినదే కవర్లో వేసుకుని రండి. ఎప్పుడు, ఎంత తిందో చెప్పండి. పెరుగన్నం అని చెప్పొద్దు.

ఆ చివరి మాట మామయ్యను కాదు, నన్ను చూసి అంది. డాక్టరు గారి బల్ల ముందు పెరుగన్నం అన్నవాళ్లలో ముందు నోరు విప్పింది నేనే.

చీకటి పడింది. కింద నుంచి అమ్మ అన్నానికి పిలుస్తోంది. మామయ్య చాలాసేపు సంచి దగ్గరే నిలబడి, మూతికి పురికొస చుట్టి, రెండు ముళ్లు వేశాడు.

మామయ్య: ఎంత తిని ఉంటదంటావ్?

అక్క: గుప్పెడు. అంతకన్నా తక్కువే అయ్యుండొచ్చు.

మామయ్య: నేను ఊళ్లోనే ఉన్నా. నన్ను ఎవరైనా అడిగుంటే చెప్పేవాణ్ణి, ఆవుకు పెట్టనిదని.

అక్క ఏమీ అనలేదు. కుక్కపిల్ల ఆమె భుజం మీద నిద్రపోయింది.

మామయ్య సంచిని ఈడ్చుకుంటూ వెళ్లి, మెట్లగదిలో తలుపున్న అరలో పెట్టాడు. మళ్లీ బయటికి వచ్చి, గడపలకు వేయగా మిగిలిన పెయింటు డబ్బా, పాత కుంచె వెతికి పట్టుకెళ్లాడు. కొట్లో ధరల పలకలు రాసిన చెయ్యి, వంకర పోలేదు. గోనె మీద మూలన నిలబెట్టిన చదరం గీశాడు. అడ్డంగా ఒక గీత. పై సగంలో పుర్రె బొమ్మ వెయ్యబోయి, అది వినాయకుడి తలలా వస్తుంటే చెరిపేసి, "కుక్క" అని రాశాడు. కింది సగం రంగుతో నింపుతుంటే అక్క ఫోను వెలుగు వేసి చూసింది.

అక్క: పసుపు వేశారేంటి మామయ్యా? పసుపంటే రెండో రకం కదా.

మామయ్య: గడపల పెయింటులో ఇంకేం ఉంటది? రేపు ఎరుపు తెస్తాలే. ఈ రాత్రికి దాన్ని పైకి రానియ్యకండి.